గేటు దగ్గర నిలబడ్డ మనిషి

ఆఫీసులో నా పక్క సీటులో మణిపూర్ నుంచి, ఇంఫాల్ నుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు. హైదరాబాద్ వచ్చి ఏడేళ్ళు దాటింది. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం హిందీ. ఈమధ్య ఒక సాయంత్రం మాదాపూర్‌లో ఇద్దరం టీ బండి దగ్గర నిలబడి ఉన్నాం. పక్కన ఒకే బైకు మీద ముగ్గురు పిల్లలు, ఇంటరు చదివే వయసు. అతన్ని చూసి "ఏయ్ బ్రూస్‌లీ!" అని కేకేశారు. ఒకడైతే చేతులు గాల్లో తిప్పుతూ ఆ కూత కూడా కూశాడు. నేను నవ్వాను. నా చెవికి అది పొగడ్తలాగే వినిపించింది. అతను మాత్రం గ్లాసు బండి మీద పెట్టేసి "పద భయ్యా" అన్నాడు. టీ సగం కూడా తాగలేదు.

నడుస్తూ చెప్పాడు. హైదరాబాద్ వచ్చిన కొత్తలో వీధిలో అతని పేరు బ్రూస్‌లీ. 2020లో అదే వీధిలో, అదే కిరాణా కొట్టు ముందు, కరోనా. ఆ గొడవ సద్దుమణిగాక మళ్ళీ బ్రూస్‌లీ. "నాకు కరాటే రాదు భయ్యా. నేను ఫుట్‌బాల్ ఆడతాను. టమాటాలు కొనుక్కోవడానికి వెళ్ళినా బ్రూస్‌లీనేనా?"

నాకు సిగ్గేసింది. దాంతోపాటు లోపల ఎక్కడో చిన్న రోషం కూడా కలిగింది, దాచను. ఎందుకంటే బ్రూస్‌లీ నాకు తిట్టు కాదు. గుడివాడలో వీడియో పార్లర్ నేల మీద కూర్చుని చూసిన ఆ మనిషి నా చిన్నతనంలో సగం. పాత సైకిలు గొలుసు ముక్కకి రెండు వైపులా చీపురుకర్ర ముక్కలు బిగించి నాంచాక్ చేసుకుని, మోచేతులు వాయగొట్టుకున్న తరం మాది. ఆ పేరు ఒకరికి గుచ్చుకుంటోందంటే, అతనికి బ్రూస్‌లీ ఎవరో తెలియకే అనుకున్నాను. శనివారం ఇంటికి రమ్మన్నాను. 1972లో వచ్చిన 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' పెట్టాను. అవమానపడ్డ జాతి తరఫున ఒక మనిషి ఎలా లేచి నిలబడ్డాడో చూపిద్దామని నా ఉద్దేశం.

పార్కు సీను వచ్చింది. షాంఘైలో తెల్లవాళ్ళ తోట. బ్రూస్‌లీ వేసిన చెన్ జెన్ లోపలికి వెళ్ళబోతే కాపలావాడు అడ్డుకుని బోర్డు చూపిస్తాడు. కుక్కలకూ చైనావాళ్ళకూ ప్రవేశం లేదు. అతని కళ్ళముందే ఒక విదేశీ ఆవిడ కుక్కతో సహా లోపలికి వెళ్ళిపోతుంది. కిమోనోలు కట్టుకున్న జపానువాళ్ళు వచ్చి, కుక్కలా నటిస్తే మేం నిన్ను లోపలికి తీసుకెళ్తామంటారు. ఆ తర్వాత ఏమవుతుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బోర్డు గాల్లోనే ముక్కలవుతుంది. నలభై ఏళ్ళుగా ఆ ముక్కలు పడ్డప్పుడల్లా నా ఒళ్ళు పులకరిస్తూనే ఉంది. అతని వైపు తిరిగి చూశాను.

అతను ముక్కలు చూడటం లేదు. "ఆ గేటు దగ్గరున్నదెవరు?" అన్నాడు.

"కాపలావాడు."

"తలపాగా చూడలేదా? మనవాడే కదా."

ఎన్నిసార్లు చూశానో ఆ సీను. ఆ తలపాగా ఒక్కసారి కూడా నా కంట పడలేదు.

ఆ బోర్డు, ఆ తలపాగా

ఆ రాత్రి నిద్రపట్టలేదు. తర్వాత చాలా రోజులు ఆ గేటు గురించే చదివాను.

షాంఘైలో హువాంగ్‌పూ నది ఒడ్డున ఆ తోట 1868లో తెరిచారు. చైనా జనానికి అందులోకి ప్రవేశం దొరికింది 1928లో. అంటే తమ ఊళ్ళో, తమ నది ఒడ్డున, అరవై ఏళ్ళు బయటే నిలబడ్డారు. సినిమాలో చూపించిన ఆ ఒక్క వాక్యం అసలు బోర్డు మీద లేదు. అక్కడున్నది నియమాల పట్టిక. తోట విదేశీయుల కోసమని ఒక నియమం. కుక్కలకూ సైకిళ్ళకూ అనుమతి లేదని ఇంకో నియమం. తెల్లవాళ్ళ పిల్లల్ని ఎత్తుకు తిప్పే చైనా ఆయాలకు మాత్రం మినహాయింపు. జనం జ్ఞాపకంలో ఆ రెండు నియమాలూ అతుక్కుని ఒక్క వాక్యమయ్యాయి. ఈ తేడా పట్టుకుని "చూశారా, అంతా కట్టుకథ" అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పట్టికలో రెండు వరసలు ఎడంగా రాసినంత మాత్రాన బయట నిలబడ్డవాడి కడుపుమంట తగ్గదు. జనం ఆ పట్టికని చదవాల్సినట్టే చదివారు.

తలపాగా కూడా కల్పన కాదు. షాంఘై మున్సిపల్ పోలీసులో 1880ల నుంచి సిక్కుల దళం ఉండేది. బ్రిటిష్ వాళ్ళు పంజాబు నుంచి తెచ్చి కూడళ్ళలో, జైళ్ళలో, గేట్ల దగ్గర నిలబెట్టారు. 1925 మే 30న నాన్‌కింగ్ రోడ్డులో గుమిగూడిన జనం మీద కాల్చమని బ్రిటిష్ ఇన్‌స్పెక్టరు ఆజ్ఞ ఇస్తే, తుపాకి పేల్చినవాళ్ళలో సిక్కులున్నారు, చైనా కానిస్టేబుళ్ళూ ఉన్నారు. చైనా జ్ఞాపకంలో తలపాగా అంటే లాఠీ కావడానికి కారణం ఉంది. అక్కడ మనవాడి పాత్ర మంచిది కాదు. ఆ సంగతి దాచుకుని సినిమా మనల్ని అవమానించిందని గుండెలు బాదుకోవడం నాకిష్టం లేదు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. అదే షాంఘైలో, బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ ప్రవాస భారతీయుల గదర్ పార్టీ మనుషులూ తిరిగారు. ఆ తలపాగాల్లోనే బ్రిటిష్ వాణ్ణి సాగనంపాలనుకున్నవాళ్ళున్నారు. 1927లో షాంఘై పోలీసు జమేదారు బుద్ధాసింగ్‌ని, ప్రభువుల కొమ్ము కాస్తున్నాడన్న కోపంతో, ఇంకో సిక్కే కాల్చి చంపాడు. ఒకే తలపాగా కింద ఇంత కథ ఉంది. సినిమాకి కావలసింది మాత్రం గేటు దగ్గర ఒక ఆకారం.

నన్ను కుదిపిన సంగతి ఇంకోటుంది. తోట బ్రిటిష్ వాళ్ళది. నియమాలు వాళ్ళవి, జీతం ఇచ్చేదీ వాళ్ళే. ఆ సీనులో దెబ్బలు తినేది జపానువాళ్ళు, నిందకి ఎదురుగా నిలబడ్డది సిక్కు. ఆ తోట సొంతదారు మీద ఒక్క దెబ్బ కూడా పడదు. 1972లో హాంకాంగ్ ఇంకా బ్రిటిష్ వలసే అన్న సంగతి గుర్తుపెట్టుకుని చూస్తే ఆ సీను మరోలా కనబడుతుంది.

ఫైటు ఎవరికి దక్కుతుంది

తెర మీద ఫలానా జాతి మనిషి ఉన్నాడా లేడా అని లెక్కపెట్టడం ఈ సినిమాల విషయంలో సరిపోదని నాకనిపిస్తోంది. సిక్కు ఉన్నాడుగా, మరి? వీటిలో మర్యాద అంతా ఫైటులో ఉంటుంది. ఎవరికి ఫైటు ఇచ్చారో వాడు మనిషి. వాడికొక నడక ఉంటుంది, చూపు ఉంటుంది, తనదంటూ ఒక విద్య ఉంటుంది, నెగ్గినా ఓడినా రెండు నిమిషాలు తెర మొత్తం వాడిది. అదే సినిమాలో విలన్లైన జపానువాళ్ళకి కూడా ఆ గౌరవం దక్కింది. కాపలావాడికి దక్కలేదు. అతన్ని కొట్టడానికి కూడా ఎవరూ పూనుకోలేదు.

ఈ కొలత పెట్టుకుని పాతవన్నీ మళ్ళీ చూశాను. కథ ఒకటి చెబుతూ ఉంటుంది, ఫైటు ఇంకోటి చెబుతూ ఉంటుంది.

బ్రూస్‌లీ సంగతే చూడండి. 1966-67లో అమెరికా టీవీలో వచ్చిన 'గ్రీన్ హార్నెట్'లో అతను కేటో. తెల్ల యజమాని కారు నడిపే నౌకరు, మొహానికి ముసుగు. కథ ప్రకారం గేటు దగ్గరి మనిషే. కానీ కేటోకి ఫైట్లున్నాయి. హాంకాంగ్‌లో జనం ఆ సీరియల్‌ని యజమాని పేరుతో కాదు, 'కేటో షో' అని పిలిచారు. నౌకరు పాత్రని ఫైటు హీరో పాత్ర చేసింది. అయినా 1972లో అమెరికా టీవీ 'కుంగ్ ఫూ' అనే సీరియల్ మొదలుపెట్టినప్పుడు, సగం చైనా రక్తమున్న సన్యాసి వేషం తెల్ల నటుడు డేవిడ్ కారడైన్‌కి వెళ్ళింది. చైనా విద్య కావాలి, చైనా ముఖం వద్దు.

'ఎంటర్ ది డ్రాగన్' (1973) లో జిమ్ కెల్లీ ఇంకా పెద్ద ఉదాహరణ. కెంటకీలో పుట్టిన నల్లజాతివాడు, 1971లో లాంగ్‌బీచ్ కరాటే పోటీల్లో గెలిచినవాడు. అతని పాత్ర విలియమ్స్‌ని మొదట ఇద్దరు తెల్ల పోలీసులు రోడ్డు మీద ఆపి వేధిస్తారు. ఇద్దర్నీ పడేసి, వాళ్ళ కారులోనే వెళ్ళిపోతాడు. హాంకాంగ్‌లో పడవ మీద వెళ్తూ నీళ్ళ మీది పేదల గుడిసెలు చూసి, ఇలాంటి వాడలు ప్రపంచమంతా ఒకేలా ఉంటాయంటాడు. ఆ సినిమా మొత్తంలో హాంకాంగ్ పేదవాణ్ణి గమనించిన పరాయిదేశస్థుడు అతనొక్కడే. మరి కథ అతన్నేం చేసింది? సగంలో చంపేసింది. చివరిదాకా బతికి బ్రూస్‌లీతో పాటు మిగిలేది జాన్ సాక్సన్ వేసిన తెల్ల పాత్ర. స్క్రిప్టు లెక్కలో ఇది పాత అన్యాయమే. హాల్లో జరిగింది వేరు. ఆ జుట్టు, ఆ నడక, తొణక్కుండా కొట్టే ఆ తీరు జనానికి గుర్తుండిపోయాయి. మరుసటి ఏడాదే జిమ్ కెల్లీ సొంతంగా హీరో అయ్యాడు. న్యూయార్క్ 42వ వీధి హాళ్ళలో నల్లజాతి కుర్రాళ్ళు హాంకాంగ్ సినిమాల కోసం క్యూ కట్టిన రోజులవి. ఆ కుర్రాళ్ళ తర్వాతి తరమే 1993లో ఆ సినిమాల నుంచి తీసుకున్న వూ-టాంగ్ క్లాన్ అనే పేరు పెట్టుకుని ర్యాప్ పాటలు పాడింది.

అసలు ఈ సినిమాలు "చైనావి" అనడమే పూర్తి నిజం కాదు. 1973లో 'ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్' పేరుతో అమెరికాని ఊపేసిన హాంకాంగ్ స్టూడియో షా బ్రదర్స్ సినిమాకి దర్శకుడు కొరియావాడు, జియోంగ్ చాంగ్-హ్వా. హీరో లో లియే ఇండొనేషియాలో పుట్టాడు. సియాటెల్‌లో బ్రూస్‌లీకి మొదటి శిష్యుడు జెస్సీ గ్లోవర్, నల్లజాతివాడు. తెర వెనక ఇంతమంది కలిసి పనిచేశారు. తెర మీదికి వచ్చేసరికి మళ్ళీ ఎవరినో ఒకరిని బయట నిలబెట్టాల్సి వచ్చింది. 1971లో 'బిగ్ బాస్' థాయ్‌లాండ్‌లోనే తీశారు. ఐసు ఫ్యాక్టరీలో చైనా వలస కూలీల కష్టం అందులో మనసుకి తాకుతుంది. ఆ దేశం మాత్రం వాళ్ళ కష్టానికి వెనక తెరగా మిగిలింది.

అక్క బెల్టు

ఆడవాళ్ళ విషయానికొస్తే ఈ కొలత మరీ పదునుగా పనిచేస్తుంది. దానికి ముందు మా పెద్దమ్మ కూతురు సంగతి చెప్పాలి.

మున్సిపల్ స్కూలు గ్రౌండులో సాయంత్రాలు కరాటే క్లాసు జరిగేది. మగపిల్లలం పద్నాలుగు మందిమి, ఆడపిల్ల అక్క ఒక్కతే. పెద్దమ్మ మందం దుప్పటి గుడ్డ కొని, పాత చొక్కా కొలత పెట్టి, మిషన్ మీద తనే డ్రెస్సు కుట్టింది. అక్క నా నెత్తిమీద ఖాళీ అగ్గిపెట్టె పెట్టేది. కదలకురా అనేది. నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. గాలి తగిలేది, అంతే. అగ్గిపెట్టె గోడ దగ్గర పడుండేది. నా జుట్టు ఒక్క వెంట్రుక కూడా చెదిరేది కాదు. మాస్టారు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి ఆమె కాలు చూడమనేవాడు.

ఆరెంజ్ బెల్టు వచ్చిన రెండు నెలలకి పెద్దమనిషైంది. క్లాసు మానిపించారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "ఇంక చాల్లేవే" అన్నారంతే. పెళ్ళై కాపురానికి వెళ్ళేటప్పుడు పరుపు చుట్ట కట్టడానికి తాడు కనిపించకపోతే, పెట్టె అడుగునున్న ఆ బెల్టు తీసి కట్టారు. బస్సు పైన ఆ ఆరెంజ్ ముడి నాకిప్పటికీ కనిపిస్తుంది.

1966లో షా బ్రదర్స్ స్టూడియోకి దర్శకుడు కింగ్ హు 'కమ్ డ్రింక్ విత్ మీ' తీశాడు. హీరోయిన్ చెంగ్ పెయ్-పెయ్. బ్యాలే నేర్చుకున్న అమ్మాయి, అప్పటికి ఇరవై ఏళ్ళు. బందిపోట్ల చేతికి చిక్కిన అన్నని విడిపించడానికి మగవేషంలో వచ్చిన గోల్డెన్ స్వాలో పాత్ర. సత్రంలో ఒక్కతే కూర్చుంటుంది. చుట్టూ బందిపోట్లు చేరి ఒక్కొక్కటిగా పరీక్షలు పెడతారు. తొందరపడదు, గొంతు పెంచదు. కూర్చున్న చోటు నుంచే అన్నీ తిప్పికొడుతుంది. కింగ్ హు ఆమె కండబలం చూపించలేదు, ఆమె నిలకడ చూపించాడు. ఆ సీను చూసినప్పుడు నాకు అగ్గిపెట్టె గుర్తొచ్చింది. కదలకురా అన్న ఆ గొంతు కూడా.

రెండేళ్ళు తిరక్కుండానే, 1968లో, అదే స్టూడియో అదే పాత్రతో ఇంకో సినిమా తీసింది. పేరే 'గోల్డెన్ స్వాలో'. ఈసారి దర్శకుడు చాంగ్ చె. మగతనమే సినిమాకి ప్రాణమని బాహాటంగా చెప్పుకుని తీసినవాడు. పేరు ఆమెది, సినిమా జిమ్మీ వాంగ్ యూది. అతని కోపం, అతని నెత్తురు, నిలబడి ప్రాణం విడిచే అతని గొప్ప. సత్రంలో అందరికీ చెమటలు పట్టించిన మనిషి ఇప్పుడు పక్కన నిలబడి అతని కోసం బాధపడుతుంది. ఆమెని తెర మీంచి తీసెయ్యలేదు, ఎవరూ అవమానించలేదు. ఫైటు మాత్రం మెల్లగా చేతిలోంచి లాగేసుకున్నారు. ఇంక చాల్లేవే.

'ఎంటర్ ది డ్రాగన్'లో ఏంజెలా మావ్‌కి దక్కింది కొన్ని నిమిషాలే. ఆమె అప్పటికే సొంత సినిమాల్లో హీరోయిన్. ఆ కొన్ని నిమిషాల్లో సందుల్లో తరిమిన మగాళ్ళందర్నీ చితక్కొడుతుంది. తర్వాత కథ వచ్చి, చేతికి చిక్కకుండా గాజుపెంకుతో ప్రాణం తీసుకోమంటుంది. అంత బాగా కొట్టగలిగిన మనిషికి స్క్రిప్టు వెతికి పెట్టిన దారి అది. మా ఇళ్ళలో ఆడపిల్లలు చూసింది ఆ చావునా, ముందున్న ఆ తన్నులనా? అక్కని ఫోనులో అడిగాను. "చావు ఎవడికి గుర్తుంటుందిరా, ఆ తన్ను గుర్తుంది" అంది.

పరిస్థితి ఎప్పుడూ అలాగే లేదు. 1981లో లావ్ కార్-లియుంగ్ తీసిన 'మై యంగ్ ఆంటీ' చూస్తే మన బంధుత్వాలే గుర్తొస్తాయి. ముసలాయన్ని పెళ్ళాడిన చిన్నవయసు అమ్మాయికి, తనకంటే పెద్దవాడైన కొడుకు వరస మనిషి వంగి దణ్ణం పెట్టాలి. వరసలో పెద్దది, వయసులో చిన్నది. ఆ పెద్దరికాన్ని ఆమె కర్రతో, కత్తితో నిలబెట్టుకుంటుంది. ఆ పాత్ర వేసిన కారా హుయికి మొదటి హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు.

"ఆ కాలం అలాంటిది"

ఈ మాటలు ఒక స్నేహితుడితో అంటే, యాభై ఏళ్ళ కిందటి సినిమాల మీద ఈనాటి తీర్పులేమిటన్నాడు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. జపాను సైన్యం చైనాలో చేసినవి చూసినవాళ్ళు 1972లో ఇంకా బతికే ఉన్నారు. అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్ళు టికెట్టు కొని హాల్లో కూర్చున్నారు. వాళ్ళకి ఆ కోపం తీరాలి. ఆ కోపాన్ని నా సోఫాలో కూర్చుని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

కానీ కాలం ఒక్కటే కారణమైతే, అదే కాలంలో అందరూ అలాగే తీసి ఉండాలి. తియ్యలేదు. 1978లో అదే లావ్ కార్-లియుంగ్ 'హీరోస్ ఆఫ్ ది ఈస్ట్' తీశాడు. చైనా అబ్బాయికీ జపాను అమ్మాయికీ పెళ్ళవుతుంది. మీ విద్య గొప్పా మా విద్య గొప్పా అని మొగుడూపెళ్ళాల గొడవ. అది ముదిరి జపాను గురువులే ఓడెక్కి వస్తారు. ఒక్కొక్కరిది ఒక్కో విద్య, ఒక్కొక్కరికీ ఒక ఫైటు. సినిమా మొత్తంలో ఒక్కడూ చావడు. ఎదుటివాడి విద్యకి నమస్కరించి ముగిస్తారు. ఆ గురువుల్లో ఒకరిగా వేసిన యసువాకి కురాటా, 1994లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' కథనే జెట్ లీతో మళ్ళీ తీసినప్పుడు, చెన్ జెన్‌కి విలువిచ్చే జపాను గురువుగా కనిపించాడు. ఆ కథలో చెన్ జెన్ ప్రేమించింది కూడా జపాను అమ్మాయినే. చైనా గౌరవం ఏమీ తగ్గలేదు. చెన్ జెన్ కోపానికి కూడా ఏమీ కాలేదు.

కాబట్టి కాలం కారణం కాదు. ఎవరికి ఫైటు ఇవ్వాలో కూర్చుని నిర్ణయించుకున్న మనుషులు కారణం.

నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న నా వాదంలోనే ఉంది. ఫైటే మర్యాద అంటున్నాను. మరి ఆ ఫైటే కదా మా ఇంఫాల్ కుర్రాడికి గుదిబండైంది? బ్రూస్‌లీ తెర మీద సంపాదించిన గౌరవం ఒక ముఖానికి అతుక్కుపోయింది. ఆ పోలికలున్న ప్రతివాడూ ఇప్పుడు కూత కూసి కాలు విసరాలి. అమెరికాలో చైనా, కొరియా పిల్లలు స్కూల్లో పడ్డ వేధింపు ఇదే. ఫైటు లేకపోతే ఆకారం, ఫైటు ఉంటే ఫైటు మాత్రమే. టమాటాలు కొనుక్కునే మామూలు మనిషిగా కనిపించే చోటు ఈ సినిమాలు ఇవ్వలేదు. ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్క సినిమాకి, ఒక్క మనిషికి ఇంత బరువు మోపింది మిగతా సినిమాలే అనుకుంటాను. బ్రూస్‌లీ పక్కన అదే ముఖంతో గుమాస్తాలూ ప్రేమికులూ తండ్రులూ ప్రపంచమంతా చూసే తెర మీద కనిపించి ఉంటే, ఆ ఒక్క పేరు ఇలా వీధి కేక అయ్యేది కాదు. మన సినిమాల్లోనైనా ఎందరు కనిపించారు?

మన గేట్లు

అక్కడికే వస్తున్నాను. షాంఘై గేటు దగ్గర సిక్కుని చూసి నొచ్చుకున్న నేను, మన సినిమాల్లో గేటు దగ్గర ఎవరుంటారో ఆలోచించాను. గూర్ఖా. టోపీ, ఈల, కర్ర. వచ్చీరాని తెలుగు, "సలాం సాబ్". హీరో గోడ దూకితే నిద్రపోతూ ఉండాలి. కమెడియన్ చేతిలో దెబ్బలు తినాలి. అవి కూడా నవ్వుకోసం తినే దెబ్బలే. అతనికీ ఫైటు లేదు. నేపాల్లో ఇంటి దగ్గర అతనికి భూమి ఉందో లేదో, పిల్లలేం చదువుతున్నారో ఏ సినిమా అడగలేదు. ఎన్నేళ్ళు నవ్వానో ఆ పాత్రని చూసి.

2011లో 'సెవెన్త్ సెన్స్' తెలుగులోకి వచ్చినప్పుడు హాల్లో నేనూ చప్పట్లు కొట్టాను. చైనాలోని షావోలిన్ మఠం విద్య మన దక్షిణాది బోధిధర్ముడు పెట్టిన భిక్షేనన్న గర్వం. కథలో చైనావాళ్ళు ఆ గురువుకే విషం పెడతారు. ఈకాలంలో వాళ్ళు పంపిన విలన్ కళ్ళతో చూసి మనుషుల్ని వశం చేసుకుని చంపిస్తాడు. ఆ చైనా విలన్‌గా వేసింది వియత్నాంలో పుట్టిన అమెరికన్ నటుడు జానీ ట్రై గుయెన్. ఆ ముఖాల్లో తేడా ఎవడు చూస్తాడులే అన్న ధీమా అది. మాదాపూర్‌లో బైకు మీది పిల్లల ధీమా కూడా అదే. ఇంఫాల్, బీజింగ్, హాంకాంగ్ అన్నీ వాళ్ళకి ఒకటే. వాళ్ళకి అది నేర్పినవాళ్ళలో చప్పట్లు కొట్టిన నేనూ ఉన్నాను.

పగోడా పై అంతస్తు

ఇవన్నీ మాట్లాడుకున్నాక ఇంకో శనివారం అతన్ని పిలిచాను. వస్తాడో రాడో అనుకున్నాను, వచ్చాడు. ఈసారి నేను పెట్టింది 'గేమ్ ఆఫ్ డెత్'. 1978లో బ్రూస్‌లీని పోలిన మనుషుల్ని పెట్టి అతికించి విడుదల చేసిన సినిమా కాదు. 1972లో బ్రూస్‌లీ స్వయంగా తీసి వదిలేసిన భాగం. అది చాలా ఏళ్ళు మరుగున పడి, 2000లో ఒక డాక్యుమెంటరీతో బయటికొచ్చింది.

'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' వచ్చిన ఏడాదే తీసింది. ఇందులోనూ కాపలావాళ్ళే. ఒక పగోడా, ఒక్కో అంతస్తుకి ఒక్కో కాపలావాడు. వాళ్ళని దాటితేనే పైకి దారి. ఒక అంతస్తులో డాన్ ఇనొసాంటో, ఫిలిప్పీన్ మూలాలున్నవాడు, రెండు కర్రలతో. దాని పైన హాప్‌కిడో అనే కొరియా యుద్ధవిద్య గురువు జీ హాన్-జే. అన్నిటికన్నా పైన కరీం అబ్దుల్-జబ్బార్, ఏడడుగుల రెండంగుళాల బాస్కెట్‌బాల్ ఆటగాడు, లాస్ ఏంజెలిస్‌లో బ్రూస్‌లీ దగ్గరే నేర్చుకున్నవాడు. ఒక్కొక్కరూ తమ విద్యతోనే కొడతారు. ఒకరిలా ఇంకొకరు కొట్టరు. ఈసారి ఎవరికి ఏ ఫైటు ఇవ్వాలో నిర్ణయించింది బ్రూస్‌లీయే.

కరీంని గెలవడం మామూలుగా కుదరదు. ఆ పొడుగు ముందు బ్రూస్‌లీ చిన్నపిల్లాడిలా ఉంటాడు. పసుపు డ్రెస్సులో దగ్గరికి వెళ్ళబోతే ఆ పొడుగు కాలు వచ్చి ఛాతీ మీద తగులుతుంది. బ్రూస్‌లీ ఎగిరి పడతాడు. లేచి నిలబడితే పసుపు గుడ్డ మీద, రొమ్ము మొత్తం పరుచుకుని, మట్టి పాదముద్ర. మడమ నుంచి వేళ్ళ దాకా.

"ఆగు, ఆగు" అన్నాడు మా ఇంఫాల్ కుర్రాడు. ఆపాను. సోఫాలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్ళి, ఆ పాదముద్ర మీద తన అరచెయ్యి ఆనించి చూశాడు. చెయ్యి సరిపోలేదు. ఫుట్‌బాల్ ఆడేవాడు కదా, ఆ కాలు ఎక్కడి నుంచి లేచిందో చూడాలన్నాడు.

"వెనక్కి తిప్పు భయ్యా."